పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: నాటకాల కంపెనీలో పెరిగిన నవ్వు

గత సంచికలో ఇంగ్లీషు టెలివిజన్ హాస్యం గురించి ఒక పాఠకుడికి ఇచ్చిన జవాబులో నటి ఫెలిసిటీ కెండల్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాం. ఆ వాక్యంలో ఆమె బాల్యం మన దేశంలో గడిచిందని రాసినందువల్ల కాబోలు, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. నాటకం అంటే చెవి కోసుకునే ప్రాంతం కనుక ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆమెకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఈ ఫెలిసిటీ కెండల్ ఎవరు? ఇంగ్లండులో పుట్టిన ఆమె ఇండియాలో ఎందుకు పెరిగింది? (ఒక పాఠకురాలు, గంటస్తంభం దగ్గర, విజయనగరం)

జవాబు: ఫెలిసిటీ కెండల్ 1946 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని వారిక్‌షైర్ ప్రాంతంలో, ఓల్టన్ అనే ఊరిలో పుట్టింది. తండ్రి జెఫ్రీ కెండల్, తల్లి లారా లిడెల్ ఇద్దరూ నటులే. తండ్రి ఇంటిపేరు నిజానికి బ్రాగ్. తాను పుట్టిన ఊరు కెండల్ కాబట్టి ఆ పేరునే రంగస్థలం కోసం పెట్టుకున్నాడు. మనవాళ్లలో ఊరి పేరు ఇంటిపేరుగా మారిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఇది మీకు కొత్తగా తోచకపోవచ్చు.

ఈ దంపతులు 'షేక్స్పియరానా' అనే సంచార నాటక సమాజాన్ని నడిపారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఆ సమాజం మన దేశంలో పర్యటించింది. తర్వాత బెంగాలీ రంగస్థలంలోనూ హిందీ సినిమాల్లోనూ గొప్ప పేరు తెచ్చుకున్న ఉత్పల్ దత్ కుర్రవాడిగా ఉన్నప్పుడు కలకత్తాలో చేరింది ఈ సమాజంలోనే. ఫెలిసిటీకి ఏడేళ్లు వచ్చినప్పుడు కుటుంబం మళ్లీ ఇండియాకు వచ్చింది. అక్కడి నుంచి ఆమె బాల్యం, కౌమారం అంతా రైలు పెట్టెల్లో, హోటలు గదుల్లో, బడి హాళ్లలో, సంస్థానాధీశుల దర్బారుల్లో గడిచిపోయాయి. చదువు లొరెటో కాన్వెంట్లలో సాగింది. అయితే కంపెనీ ఒక ఊరి నుంచి మరో ఊరికి కదిలినప్పుడల్లా ఆ చదువు తెగి మళ్లీ అతుక్కునేది.

ఆమె రంగప్రవేశం గురించి అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. షేక్స్పియర్ రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో, వనదేవతల రాజు, రాణి ఒక పసివాడి కోసం పోట్లాడుకుంటారు. ఆ పసివాడిగా తొమ్మిది నెలల ఫెలిసిటీని ఎత్తుకుని రంగం మీదికి తీసుకువచ్చారు. అంటే ఆమెకు మాటలు రాకముందే వేషం వచ్చిందన్నమాట.

ప్రశ్న: మీరు చెప్పేది వింటుంటే మన సురభి కుటుంబాలే గుర్తుకు వస్తున్నాయి. ఆ పోలిక సరైనదేనా? అలాంటి కంపెనీలో పెరగడం వల్ల ఆమె నటనకు ఒరిగిందేమిటి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి)

జవాబు: పోలిక చాలావరకు సరైనదే, మాస్టారూ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో వనారస గోవిందరావు ప్రారంభించిన సంప్రదాయంలో, కుటుంబమే కంపెనీ, కంపెనీయే కుటుంబం. పాలు తాగే పిల్ల బాలకృష్ణుడవుతుంది, పదేళ్ల పిల్ల లోపల తాడు లాగుతుంది, పెద్దదయ్యాక నాయిక వేషం కడుతుంది, ముసలితనంలో పిల్లలకు పద్యాలు నేర్పుతుంది. కెండల్ కుటుంబంలోనూ జరిగింది ఇదే. ఫెలిసిటీ చిన్నప్పుడు వేసినవి చిన్నపిల్లల, పరిచారకుల వేషాలు. వేషం లేని రోజున తెర వెనుక పని ఎలాగూ ఉండేది. ఆమె అక్క జెన్నిఫర్ అప్పటికే నాయిక పాత్రలు ధరించేది.

తేడా కూడా చెప్పుకోవాలి. సురభి వారి బలం కంటికి కనిపించే ఇంద్రజాలంలో ఉంది. ఆకాశంలో నారదుడు, మంటలు కక్కే బాణాలు, రెప్పపాటులో మారిపోయే తెరలు లేకపోతే ప్రేక్షకుడు సురభి చూశానని ఒప్పుకోడు. షేక్స్పియరానాకు అంత సరంజామా లేదు. పది మందికి అటూ ఇటూగా ఉండే నటులు, పెట్టెల్లో పట్టే దుస్తులు, ఏ హాలులోనైనా కట్టగలిగే తెరలు, వీటితోనే 'ఒథెల్లో', 'మర్చంట్ ఆఫ్ వెనిస్' వంటి నాటకాలు ఆడారు. ఒక్కొక్కరు రెండు మూడు వేషాలు కట్టక తప్పేది కాదు. దీపాలు, యంత్రాలు చేసే పనిని కూడా గొంతు, చూపు, నడక చేయవలసి వచ్చేది.

అందులోనూ ప్రేక్షకుల సంగతి ఆలోచించండి. ఒక రోజు ఎదురుగా ఉన్నది ఆ నాటకాన్ని పాఠ్యపుస్తకంలో బట్టీపట్టిన కాలేజీ కుర్రాళ్లు. మరో రోజు భాష సగమే తెలిసిన బడిపిల్లలు. ఇంకో రోజు ఒక మహారాజు, ఆయన అతిథులు. మొదటి వాళ్లు డైలాగు తప్పితే పట్టుకుంటారు, రెండో వాళ్లు అర్థం కాకపోతే గోల చేస్తారు, మూడో వాళ్లు విసుగు పుట్టినా మర్యాదకు నిశ్శబ్దంగా కూర్చుంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ మర్యాదే. పరిషత్తు నాటకాల్లో ఆడినవారెవరైనా ఈ మాటకు తల ఊపుతారు. ప్రేక్షకుడి ఊపిరిని బట్టి డైలాగును ఒక క్షణం ఆపడం, లేదా ఒక క్షణం ముందుకు తోయడం ఏ పాఠశాలలోనూ నేర్పలేని విద్య. ఫెలిసిటీ కెండల్ హాస్యంలో కనిపించే సౌలభ్యానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. నటనలో ఆమె ఏ అకాడమీ పట్టా మీదా ఆధారపడలేదు. తండ్రి కంపెనీయే ఆమె కళాశాల.

కాలం మారింది. స్వాతంత్ర్యం తర్వాత ఇంగ్లీషు నాటకానికి ఆదరణ తగ్గింది, సినిమా పెరిగింది. ఆ మార్పునే ఇతివృత్తంగా తీసుకుని జేమ్స్ ఐవరీ, ఇస్మాయిల్ మర్చంట్ 1965లో 'షేక్స్పియర్ వాలా' చిత్రం తీశారు. కెండల్ కుటుంబం వారే అందులో అలాంటి కంపెనీ వారుగా నటించారు. ఫెలిసిటీ కథానాయిక లిజ్జీ. ఆమెకు జోడీగా శశికపూర్ నటించాడు. సంగీతం సత్యజిత్ రాయ్ సమకూర్చాడు. ఒక హిందీ సినిమా తారగా నటించిన మధుర్ జాఫ్రీకి బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. సినిమాలో కంపెనీ దీనంగా కూలిపోతున్నట్టు చూపించడం జెఫ్రీ కెండల్‌కు నచ్చలేదు. తన సమాజం అంత దీనంగా ఎప్పుడూ లేదని ఆయన పట్టుదల. కంపెనీ నడిపినవారి ఆత్మాభిమానం ఏ దేశంలోనైనా అలాగే ఉంటుంది.

ప్రశ్న: ఆమె శశికపూర్‌కు మరదలట కదా, నిజమేనా? (ఒక పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: నిజమే. 1956లో కలకత్తాలో, తండ్రి పృథ్వీరాజ్ కపూర్ నాటక సమాజమైన పృథ్వీ థియేటర్స్ తరఫున వచ్చిన శశికపూర్, షేక్స్పియరానా నటి జెన్నిఫర్ కెండల్ కలుసుకున్నారు. 1958లో పెళ్లి చేసుకున్నారు. శశికపూర్ కొంతకాలం మామగారి కంపెనీలో షేక్స్పియర్ వేషాలు కూడా వేశాడు. ఆ దంపతులు 1978లో బొంబాయి జుహూలో నెలకొల్పిన పృథ్వీ థియేటర్ ఇప్పటికీ నడుస్తోంది. అపర్ణా సేన్ తీసిన '36 చౌరంగీ లేన్'లో ఒంటరి ఆంగ్లో ఇండియన్ టీచరుగా జెన్నిఫర్ చేసిన నటన చూడనివారు తప్పక చూడాలి. ఆమె 1984లో క్యాన్సర్‌తో మరణించింది. ఫెలిసిటీ విషయానికి వస్తే, మొదటి భర్త నటుడు డ్రూ హెన్లీ, రెండవ భర్త దర్శకుడు మైకేల్ రడ్‌మన్, ఇద్దరు కొడుకులు. వ్యక్తిగత జీవితం గురించి ఇంతకు మించి రాయడం ఈ శీర్షిక పని కాదు.

ప్రశ్న: ఆమెకు అంత పేరు తెచ్చిన 'ద గుడ్ లైఫ్' ధారావాహికలో ఏముంది? ఇంగ్లీషు వాళ్ల హాస్యం మనకు అర్థమవుతుందా? అందులో ఆమె జోకులు వేస్తుందా, లేక కథానాయకుడి భార్యగా ఊరికే నవ్వుతూ ఉంటుందా? (ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: మీ మూడవ ప్రశ్న చాలా తెలివైనది, తల్లీ. అసలు విషయమంతా అందులోనే ఉంది కాబట్టి కాస్త విస్తారంగా చెప్పనివ్వండి.

ముందు నేపథ్యం. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల ప్రాయంలో ఆమె తల్లిదండ్రుల కంపెనీని విడిచి ఇంగ్లండు వెళ్లింది. అంతకు ముందు పదిహేడేళ్లకు కలకత్తాలో టైఫాయిడ్ వచ్చి చాలా బాధపడింది. ఇండియాలో నాయిక అయిన పిల్ల లండనులో ఎవరికీ తెలియని మనిషి. 1966లో బీబీసీ నాటకంలో మహానటుడు జాన్ గీల్‌గుడ్‌తో నటించే అవకాశం రావడం, 1967లో సవాయ్ థియేటర్‌లో 'మైనర్ మర్డర్' ద్వారా లండను రంగస్థలం మీద అడుగుపెట్టడం ఆమెకు నిలదొక్కుకునే దారి చూపాయి. 1974లో అలన్ ఐక్‌బోర్న్ రాసిన 'ద నార్మన్ కాంక్వెస్ట్స్' వచ్చింది. ఇది మూడు నాటకాల గుచ్ఛం. ఒకే ఇంట్లో, ఒకే వారాంతంలో జరిగే గొడవను ఒక నాటకం భోజనాల గదిలోనూ మరొకటి ముందు గదిలోనూ మూడవది తోటలోనూ చూపిస్తుంది. ఒక నాటకంలో గదిలోంచి బయటికి వెళ్లిన మనిషి ఏం చేశాడో మరో నాటకంలో తెలుస్తుంది. ఇందులో ఫెలిసిటీ, పెనెలొపీ కీత్, టామ్ కోర్ట్‌నీ, మైకేల్ గాంబన్ నటించారు. అప్పటికే టెలివిజన్‌లో పేరున్న రిచర్డ్ బ్రయర్స్ ఈ నాటకాల్లో ఫెలిసిటీని, కీత్‌ను చూశాడు. వారిద్దరూ ఆయన కొత్త ధారావాహికలోకి రావడానికి దారి అలా పడింది.

ఆ ధారావాహికే 'ద గుడ్ లైఫ్'. జాన్ ఎస్మండ్, బాబ్ లార్బీ రాశారు. 1975 నుంచి 1978 వరకు బీబీసీలో మొత్తం 30 భాగాలు ప్రసారమయ్యాయి. కథ చిన్నది. లండను శివారు సర్బిటన్‌లో టామ్ గుడ్ అనే ఉద్యోగి ఉంటాడు. ఫలహారపు పొట్లాల్లో పిల్లలకు ఉచితంగా ఇచ్చే ప్లాస్టిక్ బొమ్మలకు నమూనాలు గీయడం అతని పని. నలభయ్యో పుట్టినరోజున అతనికి ఆ బతుకు మీద విరక్తి పుడుతుంది. ఉద్యోగం మానేసి, పెరట్లోనే కూరగాయలు పండించి, పందులను, కోళ్లను, మేకను పెంచి, ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుదామంటాడు. భార్య బార్బరా సరేనంటుంది. ఆ బార్బరాయే ఫెలిసిటీ. పక్కింటి మార్గో, జెర్రీ దంపతులు డబ్బున్నవాళ్లు, పరువు పట్టింపు ఉన్నవాళ్లు. నాగరికమైన వీధిలో పంది అరుపులు వినబడితే మార్గో గుండె ఎలా ఆగిపోయి ఉంటుందో మన వీధుల్లో అపార్ట్‌మెంట్ల మధ్య ఆవును కట్టేసిన ఇంటి పక్కవారిని అడిగితే చెబుతారు. మీ రెండవ ప్రశ్నకు ఇదే జవాబు: ఈ హాస్యం అర్థం కావడానికి ఇంగ్లండు వెళ్లనక్కరలేదు.

ఇక అసలు విషయం. పైకి చూస్తే నవ్వు పుట్టించేది ఇద్దరే. ఉత్సాహంలో కాలు నేల మీద నిలవని టామ్ ఒకరు. తానెంత నవ్వు తెప్పిస్తున్నానో బొత్తిగా తెలియని మార్గో రెండవవారు. పెనెలొపీ కీత్ మార్గో పాత్రలో అద్భుతంగా నటించింది, ఆ మాటలో సందేహం లేదు. అయితే బార్బరా చేస్తున్న పని మరింత కష్టమైనది. ఆమె భర్త వెర్రిని ప్రేమిస్తుంది, అది వెర్రి అని ఆమెకు తెలుసు కూడా. మార్గో పట్టింపును ఆటపట్టిస్తుంది, మార్గో మనసు నొచ్చుకుందని గ్రహించే మొదటి మనిషీ ఆమే. నవ్వించే ఇద్దరి మధ్య నిలబడి, ప్రేక్షకుడు ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో కళ్లతో చూపించే బాధ్యత ఆమెది. అది తప్పితే టామ్ మొండివాడిగా, మార్గో గయ్యాళిగా మిగిలిపోతారు, కథ చేదెక్కుతుంది.

దీనికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. భామాకలాపంలో సత్యభామ విరహంతో వేగిపోతుంటే, మాధవి పక్కన నిలబడి మొగుడి పేరు చెప్పమని గుచ్చిగుచ్చి అడుగుతుంది, లేఖ అందజేయడానికి ముక్కెర కావాలని బేరం పెడుతుంది. మాధవి గట్టిగా లేని రోజున సత్యభామ ఎంత గొప్పగా ఆడినా ఆట పండదు. అయితే మాధవికి హాస్యోక్తులు ఉన్నాయి, బార్బరాకు చాలాసార్లు అవి కూడా లేవు. వినడమే ఆమె పాత్ర. కెమెరా ముందు మరొకరు మాట్లాడుతుండగా, ఆ మాటను అప్పుడే మొదటిసారి వింటున్నట్టు వినడం నటనలో చాలామందికి చివరిదాకా పట్టుబడని విషయం.

ఒక్క సన్నివేశం చెబుతాను. 1977 క్రిస్మస్ ప్రత్యేక భాగంలో, తాను తెప్పించిన క్రిస్మస్ చెట్టు కొలతకు కొన్ని అంగుళాలు తక్కువగా ఉందని మార్గో దుకాణానికి తిప్పి పంపేస్తుంది. చెట్టుతోపాటు రావలసిన పండుగ సరుకులన్నీ కూడా తిరిగి వెళ్లిపోతాయి. పండుగ నాడు ఏమీ లేక, పరువు చంపుకుని, పక్కింటి పేదల దగ్గరికే విందుకు రావలసి వస్తుంది. అక్కడ టోపీలు కూడా ఇంట్లో చేసినవే, పాత వార్తాపత్రికలు మడిచి చేసినవి. తనకు వచ్చిన టోపీ 'డైలీ మిర్రర్' కాగితంతో చేసిందని చూసి, తన వర్గానికి తగిన 'డైలీ టెలిగ్రాఫ్' టోపీ అయితేనే పెట్టుకుంటానంటుంది మార్గో. టోపీ కోసం పత్రికల కులం చూసే ఆ మనిషిని అక్కడున్నవారు వెక్కిరించి ఉంటే సన్నివేశం అక్కడే ముగిసేది. వెక్కిరించరు, ఆమెను ఆటలోకి లాగుతారు, కాసేపటికి ఆమె కూడా అందరితో కలిసి వెర్రి ఆటలు ఆడుతుంది. ఆ సాయంత్రమంతా బార్బరా ముఖాన్ని గమనించండి. ఆటపట్టింపు, ఆప్యాయత ఒకే నవ్వులో ఎలా ఇముడుతాయో కనిపిస్తుంది.

ఇంకొక మాట. అదే 1977లో వచ్చిన నాలుగవ వరుస చివరి భాగంలో, ఎవరో దుండగులు టామ్, బార్బరాల ఇంట్లో చొరబడి అంతా ధ్వంసం చేసిపోతారు. హాస్య ధారావాహికకు అది వింత ముగింపు. మూడేళ్లుగా ఈ ఇంట్లో నవ్విన ప్రేక్షకుడికి ఆ గది చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఆ శిథిలాల మధ్యే నలుగురూ, బఠానీ కాయల తొక్కలతో టామ్ తయారు చేసే ఇంటి వైన్‌ను గ్లాసుల్లో పోసుకుని తమ బతుకు పేరిట తాగుతారు. హాస్యనటికి ఏడుపు సన్నివేశం ఇచ్చి చూడమని పెద్దలు ఎందుకంటారో అక్కడ తెలుస్తుంది. 1978లో ఎలిజబెత్ రాణి సమక్షంలో ప్రత్యేకంగా ఒక భాగాన్ని చిత్రీకరించిన తర్వాత ధారావాహికను ఆపేశారు. ఆదరణ శిఖరాన ఉండగానే ఆపడం మంచిదైంది. ఏళ్లూ పూళ్లూ సాగదీసే మన సీరియళ్లవారు ఈ సంగతి చెవిన వేసుకుంటే బాగుండును.

ప్రశ్న: మా తాతగారు తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టేవారు. మగవాళ్లు ఆడవేషాలు కట్టడం ఇంగ్లండులోనూ ఉండేదని విన్నాను. ఈ నటి కాలంలో కూడా అలాగే ఉండేదా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: షేక్స్పియర్ కాలంలో అలాగే ఉండేది. ఇంగ్లండు రంగస్థలం మీదికి స్త్రీలు వృత్తినటులుగా వచ్చింది 1660 తర్వాతే. మనకు స్థానం నరసింహారావు గారి కాలం దాకా ఆ సంప్రదాయం ఘనంగా సాగింది, మీ తాతగారి వంటి కళాకారుల వల్ల కళింగాంధ్ర పల్లెల్లో ఇంకా వినబడుతోంది. కెండల్ రోజులకు ఇంగ్లండులో అది పాత ముచ్చట.

కానీ షేక్స్పియర్ హాస్య నాటకాలలో అబ్బాయి వేషంలో తిరిగే అమ్మాయి పాత్రలు ఎన్నో ఉన్నాయి. అమ్మాయి పాత్రను అబ్బాయే ధరించిన రోజుల్లో రాసినవి కాబట్టి, ఆ మారువేషం నాటకకర్తకు రెట్టింపు వినోదం. అటువంటి పాత్రలలో ఒకటైన వయోలాగా, 1980లో బీబీసీ తీసిన 'ట్వెల్ఫ్త్ నైట్'లో ఫెలిసిటీ నటించింది. 1981లో లండనులోని నేషనల్ థియేటర్‌లో టామ్ స్టాపర్డ్ రాసిన 'ఆన్ ద రాజిల్' ప్రహసనంలో ఏకంగా కొట్లో పనిచేసే కుర్రవాడి పాత్రే ధరించింది. మీ తాతగారు చేసిన దానిని ఆమె తిరగేసి చేసిందనుకోండి.

ప్రశ్న: ఆమె హాస్యానికే పరిమితమైందా? గంభీరమైన పాత్రలు రాలేదా? (ఒక పాఠకురాలు, రాజాం)

జవాబు: వచ్చాయి, బాగా వచ్చాయి. 1979లో నేషనల్ థియేటర్‌లో 'అమెడియస్' తొలి ప్రదర్శనలో సంగీతకారుడు మొజార్ట్ భార్య కాన్‌స్టాంజా ఆమే. మరుసటి ఏడాది అక్కడే పాల్ స్కోఫీల్డ్ ఒథెల్లోగా, ఆమె డెస్డెమోనాగా నటించారు. చిన్నప్పుడు తండ్రి కంపెనీలో తెర పక్క నుంచి ఎన్నిసార్లో చూసిన నాటకం అది.

అయితే ఇంటింటా బార్బరాగా స్థిరపడిన నటిని గంభీరమైన నటిగా ఒప్పుకోవడానికి పత్రికలు చాలాకాలం తటపటాయించాయి. ఆమె నటన కంటే ఆమె రూపం గురించే ఎక్కువ రాశాయి. 1981లో వెనుక భాగపు అందానికి ఇచ్చే ఒక చౌకబారు బిరుదు కూడా తగిలించాయి. ఆ ఏడాదే ఆమె నేషనల్ థియేటర్‌లో ఆడుతోందన్న సంగతి అలాంటి వార్తల్లో కనబడదు. సినీతారలను గురించి మన పత్రికలు రాసే తీరు ఇంతకంటే మెరుగని నేను అనలేను.

ఆ తర్వాత టామ్ స్టాపర్డ్ నాటకాలు ఆమెకు పెద్ద ఆసరా అయ్యాయి. 1982లో 'ద రియల్ థింగ్', 1988లో 'హాప్‌గుడ్', 1993లో 'ఆర్కేడియా', 1995లో 'ఇండియన్ ఇంక్' నాటకాల తొలి ప్రదర్శనల్లో ఆమె నటించింది. స్టాపర్డ్ వాక్యాలు వేగంగా, మెలికలతో నడుస్తాయి. అర్థం జారిపోకుండా, నవ్వు తప్పకుండా వాటిని పలకాలంటే చిన్ననాటి నుంచి షేక్స్పియర్ నోటికి వచ్చిన మనిషి కావాలి. ఆయన కూడా యుద్ధకాలంలో డార్జిలింగ్‌లో చదువుకున్న చెక్ కుర్రవాడు. 'ఇండియన్ ఇంక్' ముందు 1991లో రేడియో నాటకంగా వచ్చింది. 1930లో ఇండియాకు వచ్చి ఒక భారతీయ చిత్రకారుడి ఎదుట కూర్చునే ఆంగ్ల కవయిత్రి ఫ్లోరా పాత్రను రెంటిలోనూ ఆమే పోషించింది. హాస్యం, గంభీరత అని మనం గీసే గీత ఆ పాత్రలో నిలవదు. ఫ్లోరా నవ్విస్తూనే మరణం వైపు నడుస్తుంది.

1989లో 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో బియాట్రిస్‌గానూ, చెహోవ్ 'ఇవానోవ్'లోనూ చేసిన నటనకు లండను పత్రిక 'ఈవెనింగ్ స్టాండర్డ్' ఇచ్చే ఉత్తమ నటి బహుమతి వచ్చింది. బియాట్రిస్ మాటకు మాట విసిరే పిల్ల. 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ప్రదర్శితమైన విజయనగరం పాఠకులకు, మాటతో మగవాళ్లను ఆడించే స్త్రీ పాత్ర గొప్పతనం గురించి నేను వేరుగా చెప్పనక్కరలేదు. 1995లో ఆమెకు సీబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం దక్కింది.

టెలివిజన్‌లో తర్వాత చేసినవాటి మీద నా అభిప్రాయం అడిగితే, 'సోలో', 'ద మిస్ట్రెస్' కాలక్షేపానికి పనికివస్తాయి. తోటపని చేసే ఇద్దరు స్త్రీలు హంతకులను పట్టుకునే 'రోజ్‌మెరీ అండ్ థైమ్' (2003–2006) నేర పరిశోధనగా బలహీనం. తోటల కోసం, పామ్ ఫెరిస్‌తో ఆమెకు కుదిరిన జోడీ కోసం చూడవచ్చు.

ప్రశ్న: ఇప్పటికీ నటిస్తోందా? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: వయసు మీద పడినా రంగస్థలాన్ని వదలలేదు. 2023లో, 76 ఏళ్ల వయసులో, లండన్ ఫీనిక్స్ థియేటర్‌లో మైకేల్ ఫ్రేన్ ప్రహసనం 'నాయిజెస్ ఆఫ్'లో డాటీ ఓట్లీ పాత్ర ధరించింది. ఆ నాటకమే ఒక సంచార నాటక కంపెనీ గురించి. మొదటి అంకంలో ఆ కంపెనీ రిహార్సల్ చూస్తాం. రెండవ అంకంలో అదే నాటకాన్ని తెర వెనుక నుంచి చూస్తాం: నటులు ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటూ, తమ వంతు రాగానే చిరునవ్వుతో రంగం మీదికి పరుగెడుతుంటారు. మూడవ అంకానికి నాటకం పూర్తిగా చెదిరిపోతుంది. ఇందులో డాటీ పనిమనిషి వేషం వేసే వృద్ధనటి. ఫోను పెట్టేయాలా, చేపల పళ్లెం తీసుకుపోవాలా, పళ్లెం వదిలి పేపరు తీసుకుపోవాలా అన్నది ఆమెకు ఎన్ని రిహార్సళ్లు చేసినా గుర్తుండదు.

చూడటానికి ఇది తేలికగా ఉంటుంది. కానీ ఒక నటి మరచిపోతున్నట్టు నటించాలంటే ఆ పళ్లెం ఏ క్షణాన ఎక్కడ ఉండాలో తాను ఒక్కసారి కూడా మరచిపోకూడదు. పళ్లెం ఒక మూర దూరంగా ఉన్నా తర్వాతి నటుడి ప్రవేశం చెడుతుంది, ఆ వెనుక పది నవ్వులు చెడుతాయి. తెర వెనుక సామాను అందిస్తూ పెరిగిన మనిషికి ఆ పాత్ర చేతికి రావడం నాకు చాలా ముచ్చటగా అనిపించింది.

ప్రశ్న: ఆమె గురించి తెలుసుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి? మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. (కొందరు మిత్రులు, సాలూరు)

జవాబు: 'షేక్స్పియర్ వాలా'తో మొదలుపెట్టండి. నలుపు తెలుపు చిత్రం, నడక నిదానం, ఇంగ్లీషు స్పష్టంగా వినబడుతుంది, సిమ్లా గెయిటీ థియేటర్ వంటి చోట్లను ఆనాటి రూపంలో చూడవచ్చు. పందొమ్మిదేళ్లు కూడా నిండని పిల్ల, తల్లిదండ్రుల పక్కనే నిలబడి, తన బతుకుకు దగ్గరగా ఉన్న కథలో నటించడం అందులో ఉంది. ఆ తర్వాత 'ద గుడ్ లైఫ్' మొదటి భాగం, ఆ వెంటనే క్రిస్మస్ భాగం చూడండి. మొదటిది కథకు కావలసిన పరిచయం ఇస్తుంది, రెండవది నలుగురు నటుల పొందికను చూపిస్తుంది. కింద అక్షరాలు పెట్టుకుని చూస్తే మాటలు దాటిపోవు.

చదివే అలవాటున్నవారికి ఆమె 1998లో ప్రచురించిన ఆత్మకథ 'వైట్ కార్గో' ఉంది. పక్షవాతంతో స్పృహ లేకుండా పడి ఉన్న తండ్రి మంచం పక్కన కూర్చుని, ఆయనకు పాత సంగతులు చెబుతున్న తీరులో ఆమె ఆ పుస్తకాన్ని నడిపించింది. ఇండియా అధ్యాయాలు ముందు చదివి, లండను అధ్యాయాలు తీరికగా చదువుకోవచ్చు. సినిమా విషయంలో మాత్రం ఒక జాగ్రత్త: మీ ఊళ్లో నాటకాలాడే పెద్దలెవరైనా ఉంటే వారిని కూడా కూర్చోబెట్టుకుని చూడండి, తెర వెనుక దృశ్యాలలో మీకు కనబడని విషయాలు వారికి కనబడతాయి.